యాభై దగ్గర పడ్డాక వయొలిన్ నేర్చుకోవడం: మొదటి రోజు నుంచి గోష్ఠిలో కూర్చునే దాకా

విజయవాడ పటమటలో మా అపార్ట్‌మెంట్ లిఫ్ట్ దగ్గర ఆపి అడిగేవాళ్ల ప్రశ్న దాదాపు ఒకటే: "ఈ వయసులో వయొలిన్ వస్తుందా అండీ?" కొంచెం ఆగి రెండోది అడుగుతారు: "వచ్చి ఏం చేస్తాం?"

మొదటిదానికి జవాబు తేలిక. పద్ధతిగా రోజూ కూర్చుంటే వస్తుంది. రెండోదానికే ఇంత రాయాల్సి వస్తోంది. నేను నలభై ఎనిమిదో ఏట మొదలుపెట్టాను. అప్పటికి పిల్లలిద్దరూ హైదరాబాద్ వెళ్లిపోయారు, ఆఫీసు నుంచి వచ్చాక ఫోన్ చూసుకుంటూ పదకొండు దాకా సోఫాలోనే ఉండేవాణ్ణి, పొద్దున లేస్తే నిన్న సాయంత్రం ఏం చేశానో గుర్తుండేది కాదు. ఇప్పటికి ఆరేళ్లయింది. కచేరీలు చేయను, చేసే ఉద్దేశం కూడా లేదు. కానీ నిన్న ఏం చేశానో చెప్పగలను: దాటు వరుసల్లో (స్వరాలు దాటుకుంటూ వాయించే పాఠాల్లో) మూడోది రెండో కాలంలో, అంటే రెట్టింపు వేగంలో, తడబడింది, ఇవాళ దాన్ని సరిచేయాలి. బతుక్కి అర్థం అని అందరూ పెద్ద మాట అంటారు. నాకు మాత్రం అది ఇలా వచ్చింది, నా చేతులు తప్ప ఇంకెవరూ చేయలేని పని ఒకటి రేపటికి మిగిలి ఉండడం.

కింద రాసినదంతా ఆ పని ఆగిపోకుండా చూసుకోవడం గురించే.

1. కొనే ముందు మూడు సంగతులు తేల్చుకోండి

సమయం మొదటిది. ఖాళీ దొరికినప్పుడు చూద్దాం అనుకుంటే దొరకదు. రోజులో ఇప్పటికే తప్పకుండా జరిగే ఒక పనికి దీన్ని కట్టేయండి: పొద్దున కాఫీ తాగాక, సాయంత్రం దీపం పెట్టాక, మీ ఇష్టం. నేను ఆరున్నరకి కట్టుకున్నాను, స్నానం అయ్యాక, టీవీ పెట్టకముందు. అరగంట చాలు. ఆదివారం మూడు గంటలు కూర్చుని మిగతా ఆరు రోజులు వదిలేసేవాళ్లు చాలామంది ఏడాదిలోపే మానేయడం చూశాను. వేళ్లకి జ్ఞాపకం రోజూ కొంచెం కొంచెంగానే పడుతుంది.

చోటు రెండోది. ఒక మూల, ఒక చాప, గోడకి ఒక అద్దం. పెట్టె చేతికి అందే ఎత్తులో ఉండాలి. బీరువా మీద పెట్టిన పెట్టె దింపడానికే బద్ధకం వేస్తుంది, ఆ బద్ధకమే రెండు వారాల్లో మాన్పించేస్తుంది.

వినే మనిషి మూడోది. దీన్ని చాలామంది పట్టించుకోరు. ఇంట్లో ఒకరికి ముందే చెప్పండి: "ఆరు నెలలు చెవులకి కష్టంగా ఉంటుంది, ఆపమనొద్దు, బాగుందని కూడా అనక్కర్లేదు, పక్క గదిలో ఉంటే చాలు." నాకు ఆ మనిషి మా అమ్మ.

2. వాయిద్యం కన్నా ముందు గురువు

వయొలిన్‌కి మెట్లు ఉండవు. వీణ మీద మెట్టు దగ్గర నొక్కితే స్వరం పలుకుతుంది, ఇక్కడ వేలు బియ్యపు గింజంత పక్కకి పడినా అపస్వరమే. అది అపస్వరం అని మొదట్లో మీ చెవికి తెలియదు, చెప్పే మనిషి ఎదురుగా కావాలి. అందుకే వీడియోలు చూసి మొదలుపెట్టొద్దని గట్టిగా చెబుతాను. రెండో ఏడాది నుంచి వీడియోలు పనికొస్తాయి, అప్పటికి ఏది నమ్మాలో తెలుస్తుంది.

విజయవాడలో ఘంటసాల వెంకటేశ్వరరావు ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల ఉంది, సర్టిఫికెట్, డిప్లొమా కోర్సులున్నాయి. ఉద్యోగం చేసేవాళ్లకి వేళలు కుదురుతాయా అన్నది వెళ్లి అడిగి తెలుసుకోండి. కుదరకపోతే ఇంటి దగ్గర చెప్పేవాళ్లని వెతకండి, సత్యనారాయణపురం వైపు గానీ గుంటూరు బ్రాడీపేటలో గానీ నలుగురిని అడిగితే ఒకరి పేరు బయటికొస్తుంది. ఏదైనా కచేరీ అయ్యాక వేదిక దగ్గరికి వెళ్లి పక్కవాద్యం వాయించినవాళ్లనే అడగడం ఇంకా మంచిది. నాకు మాస్టారు అలాగే దొరికారు, తుమ్మలపల్లి కళాక్షేత్రంలో.

చేరే ముందు అడగాల్సినవి:

- పెద్దవాళ్లకి ఇంతకుముందు నేర్పారా?
- విడిగా చెబుతారా, పిల్లలతో కలిపి కూర్చోబెడతారా? (కలిపి అయినా తప్పులేదు, కాకపోతే వారంలో ఒక్కసారైనా మీ ఒక్కరి చేయి చూడాలి)
- ఏ శ్రుతికి (ఆధార షడ్జం, అంటే 'స', ఎంత ఎత్తులో) కట్టిస్తారు?
- క్లాసు రికార్డు చేసుకోనిస్తారా?

గురువు మీకన్నా ఇరవై ఏళ్లు చిన్నవాళ్లు కావచ్చు. నాకు మొదటి నెల అది ఇబ్బందిగానే అనిపించింది. "గారు" అని పిలిచి కింద చాప మీద కూర్చున్నాక రెండో నెలకి ఆ ఇబ్బంది పోయింది.

3. వయొలిన్ కొనడం

ఒంటరిగా వెళ్లొద్దు. నేను ఒంటరిగా వెళ్లి ఒక షాపులో మెరుపు చూసి కొన్నాను. తీగలు బిగించే బిరడలు నిలవవు, శ్రుతి చేసిన ఐదు నిమిషాలకే జారిపోయేవి, తప్పు నాదే అనుకుని నాలుగు నెలలు టెన్షన్ పడ్డాను. మాస్టారు చూసి, రంధ్రాలు సరిగ్గా తొలవలేదని తేల్చారు. అందుకే మాస్టారిని తీసుకెళ్లండి, లేదా ఆయన దగ్గర పాతది ఉంటే అద్దెకి అడగండి. బాగా వాయించిన పాతది, మెరిసే కొత్తదానికన్నా నూటికి తొంభైసార్లు మేలు.

షాపులో చూడాల్సినవి:

- నాలుగు బిరడలూ తిప్పిన చోట ఆగుతున్నాయా
- తీగలని ఎత్తి పట్టే బ్రిడ్జి నిటారుగా ఉందా, వేళ్లు పెట్టే ఫింగర్ బోర్డు వైపు ఒరిగి ఉందా
- లోపల నిలబెట్టిన చిన్న కర్ర, అంటే సౌండ్ పోస్ట్, సరిగ్గా నిలిచి ఉందా (పక్కన ఉన్న రంధ్రంలోంచి కనిపిస్తుంది)
- తీగలు ఫింగర్ బోర్డుకి మరీ ఎత్తుగా ఉన్నాయా. ఉంటే వేళ్లు నొప్పెడతాయి
- కమాను, అంటే తీగల మీద లాగే విల్లు, పట్టుకుని కంటికి సూటిగా పెట్టి చూస్తే కర్ర పక్కకి వంగి ఉందా
- సన్న తీగలకైనా ఫైన్ ట్యూనర్లు (శ్రుతిని కొద్దికొద్దిగా సరిచేసే చిన్న మరలు) ఉన్నాయా

దాంతోపాటు కమాను వెంట్రుకలకి రాసే రోజిన్, మెత్తటి గుడ్డ రెండు, ఒక తీగల సెట్టు అదనంగా, ఫోన్‌లో తంబూరా యాప్. అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లు శబ్దం తగ్గడానికి బ్రిడ్జికి తగిలించే రబ్బరు మ్యూట్ కూడా తీసుకోండి.

4. శ్రుతి చేయడం, కూర్చోవడం

మన కర్ణాటక పద్ధతిలో లావు తీగ నుంచి సన్న తీగ దాకా వరస ఇది: మంద్ర షడ్జం (కింది స), మంద్ర పంచమం (కింది ప), మధ్య షడ్జం (మధ్య స), మధ్య పంచమం (మధ్య ప). పాశ్చాత్య పద్ధతి వేరు, మనం దానికన్నా కిందికి దింపి కట్టుకుంటాం. షాపువాళ్లు ఎలా కట్టి ఇచ్చినా మాస్టారితో మళ్లీ కట్టించుకోండి. సోలోగా వాయించడానికి రెండున్నర శ్రుతి గానీ మూడు గానీ (ఆధార షడ్జం ఎత్తుని చెప్పే అంకెలివి) ఎక్కువగా వాడతారు, మీది గురువు చెబుతారు.

బిరడని తిప్పుతూనే లోపలికి కొంచెం నొక్కాలి, అప్పుడే నిలుస్తుంది. శ్రుతికి ఎప్పుడూ కింది నుంచి పైకి రండి. పైకి పోతే మొత్తం దింపి మళ్లీ ఎక్కించండి. తీగలు మార్చాల్సి వస్తే ఒకటి తీసి ఒకటి వేయండి, నాలుగూ ఒకేసారి విప్పితే బ్రిడ్జి పడిపోతుంది, సౌండ్ పోస్ట్ కూడా పడిపోవచ్చు.

కూర్చోవడం సంగతి. బాసింపట్టు వేసుకుని కుడి పాదాన్ని కొంచెం ముందుకి పెట్టండి. వయొలిన్ తల ఆ కుడి చీలమండ మీద ఆనాలి, రెండో చివర ఎడమ భుజానికీ ఛాతీకీ మధ్య ఆనాలి. ఈ రెండు ఆధారాల మధ్యే అది నిలబడాలి. ఎడమ చేయి వయొలిన్‌ని మోస్తోందంటే తప్పు, అది పైకీ కిందికీ జారడానికి ఖాళీగా ఉండాలి. పరీక్ష ఒకటుంది: ఎడమ చేయి పూర్తిగా తీసేయండి, వయొలిన్ కదలకపోతే సరిగ్గా కూర్చున్నట్టు.

మోకాళ్ల నొప్పులున్నవాళ్లు గట్టి దిండు మీద ఎత్తుగా కూర్చోండి. పదిహేను నిమిషాలకి ఒకసారి లేచి నడవండి. వేళ్ల కొసలు రెండు మూడు వారాలు నొప్పెడతాయి, అది మామూలే. భుజంలోగానీ మణికట్టులోగానీ తిమ్మిరి వస్తే మాత్రం ఆపేసి గురువుకి చూపించండి, ఓర్చుకుని వాయించొద్దు.

5. మొదటి నెల: కమాను ఒక్కటే

అందరూ ఎడమ చేతి మీద పడతారు. నాదం పలికేది కుడి చేతిలో. మొదటి నెల ఎడమ చేతి వేలు ఒక్కటి కూడా పెట్టకండి.

తంబూరా పెట్టుకుని మధ్య షడ్జం తీగ మీద కమానుని నాలుగు లెక్కలు ఒక వైపు, నాలుగు లెక్కలు ఇంకో వైపు లాగండి. మొదలు నుంచి కొస దాకా మొత్తం కమాను వాడండి. అద్దంలో చూస్తే కమాను, బ్రిడ్జి పక్కపక్కన సమాంతరంగా ఉండాలి. అలాగే మిగతా మూడు తీగలు.

విసుగేస్తుంది. నాకు పన్నెండో రోజున చాలా విసుగేసింది, ఏదైనా పాట చెప్పమని అడిగాను, మాస్టారు "ఇంకో పద్దెనిమిది రోజులు" అన్నారు. నెల చివర్లో ఒక సాయంత్రం నా షడ్జం తంబూరాలో కలిసిపోయి, ఏది నాదో ఏది యాప్‌దో తెలియలేదు. ఐదారు సెకన్లు ఉండి ఉంటుంది. ఇప్పటికీ రోజూ కూర్చునేది ఆ ఐదారు సెకన్ల కోసమే.

6. సరళీ స్వరాల నుంచి గీతం దాకా

పాఠాలు మాయామాళవగౌళ రాగంతో ఎందుకు మొదలుపెడతారో వయొలిన్ పడితే బాగా అర్థమవుతుంది. స రి గ మ కి షడ్జం తీగ మీద వేళ్లు ఎక్కడెక్కడ పడతాయో, ప ద ని స కి పక్కనున్న పంచమం తీగ మీద సరిగ్గా అక్కడే పడతాయి. ఖాళీ తీగ, మొదటి వేలు దానికి దగ్గరగా, తర్వాత పెద్ద ఎడం వదిలి రెండో వేలు, దానికి ఆనుకుని మూడో వేలు. ఒక్క ఆకారం నేర్చుకుంటే స్థాయి మొత్తం వచ్చినట్టే.

సరిగ్గా పడిందో లేదో తెలుసుకోవడానికి మీ దగ్గర ఉచితంగా ఒక సాక్షి ఉంది. పంచమం తీగ మీద మూడో వేలితో తార షడ్జం (పై స) వాయించండి. సరిగ్గా పలికితే పక్కనున్న మధ్య షడ్జం తీగ ముట్టుకోకుండానే కదులుతుంది, కంటికి కనిపిస్తుంది. కదలకపోతే వేలు జరపండి.

వరస మార్చొద్దు: సరళీ స్వరాలు, జంట స్వరాలు, దాటు స్వరాలు, సప్త తాళ అలంకారాలు (ఏడు తాళాల్లో స్వర పాఠాలు), ఆ తర్వాత గీతాలు, అంటే సాహిత్యం ఉన్న చిన్న పాటలు. ప్రతిదీ మూడు కాలాల్లో. నిమిషానికి 60 దెబ్బలు పెట్టుకుంటే మొదటి కాలంలో దెబ్బకి ఒక స్వరం, రెండో కాలంలో రెండు, మూడో కాలంలో నాలుగు. మూడో కాలం తడబడితే దెబ్బ వేగాన్ని 45కి దింపండి, కాలాన్ని వదిలేయకండి.

ఎక్కువమందికి మొదటి గీతం మలహరి రాగంలో ఉంటుంది. అందులో నిషాదం (ని) లేదు, గాంధారం (గ) దిగేటప్పుడే వస్తుంది, మిగతావన్నీ మీకు అలవాటైన మాయామాళవగౌళ చోట్లే. అంటే వేళ్లకి కొత్తేమీ లేదు, వదలాల్సింది మాత్రమే ఉంది. నాకు అక్కడికి చేరడానికి పద్నాలుగు నెలలు పట్టింది. పిల్లలు ఆరు నెలల్లో వచ్చేస్తారు, వాళ్లతో పోల్చుకోవద్దు.

7. అరగంటని ఎలా పంచుకోవాలి

- 3 నిమిషాలు: శ్రుతి
- 6 నిమిషాలు: దీర్ఘ స్వరాలు, కళ్లు మూసుకుని
- 10 నిమిషాలు: నిన్న ఎక్కడ తడబడ్డారో ఆ ముక్క మాత్రమే
- 8 నిమిషాలు: కొత్త పాఠం
- 3 నిమిషాలు: మీకు బాగా వచ్చింది, ఎవరికోసమూ కాదు

చివర్లో ఒక నోటుపుస్తకంలో ఒక్క వాక్యం రాయండి, రేపు ఏది సరిచేయాలో. మిగతావన్నీ కుదరని రోజు కూడా ఈ వాక్యం మానొద్దు. మర్నాడు మిమ్మల్ని చాప మీద కూర్చోబెట్టేది అదే.

8. తరచూ వచ్చే తప్పులు, దిద్దుకునే తీరు

*కీచుమంటోంది.* కమానుని గట్టిగా నొక్కుతున్నారు, లేదా బ్రిడ్జికి మరీ దగ్గరగా లాగుతున్నారు, లేదా వంకరగా పోతోంది. ముందు బరువు తగ్గించండి, తర్వాత చోటు చూడండి, చివర్లో అద్దం.

*గాలి ఊదినట్టు పలచగా ఉంది.* బరువు చాలలేదు, లేదా రోజిన్ లేదు. కొత్త రోజిన్ నున్నగా ఉండి పట్టదు, ముందు గరుకు కాగితంతో కొంచెం గీయాలి. రోజుకి కమానుని దాని మీద నాలుగైదు సార్లు లాగితే చాలు, ఎక్కువైతే తెల్లటి పొడి రాలి నాదం బొంగురుపోతుంది.

*రోజిన్ రాసినా కమాను జారుతోంది.* వెంట్రుకలకి నూనె తగిలింది. వేళ్లు తీగల మీద జారడానికి కొబ్బరినూనె చుక్క రాసుకోవడం మనవాళ్ల అలవాటు, మంచిదే, కానీ ఎడమ చేతి కొసలకి మాత్రమే. కమాను వెంట్రుకలని ఏ చేత్తోనూ ముట్టుకోకూడదు.

*ఇంట్లో బాగా వస్తుంది, గురువు ముందు రాదు.* ఇంట్లో తంబూరా లేకుండా వాయిస్తున్నారేమో చూడండి. తోడు శ్రుతి లేకపోతే చెవి తన తప్పునే ఒప్పు అనుకుంటుంది. ఫోన్‌లో రికార్డు చేసుకుని గంట ఆగి వినండి.

*ఫింగర్ బోర్డు మీద స్టిక్కర్లు.* రెండు వారాలు పెట్టుకోండి, తర్వాత పీకేయండి. కన్ను చూస్తున్నంతసేపూ చెవి పనిచేయదు, రేపు గమకం (స్వరాన్ని ఊపి పలికించడం) వచ్చేసరికి స్టిక్కరు ఏమీ చెప్పలేదు.

*ఎడమ బొటనవేలు బిగుసుకుపోతోంది.* వాయిస్తూ మధ్యమధ్యలో దాన్ని వదిలి కదపండి. వయొలిన్ ఊగితే మళ్లీ పైన 4వ భాగానికి వెళ్లి కూర్చోవడం సరిచేసుకోండి.

9. మన ఎండ, మన వాన

విజయవాడ, గుంటూరు మేనెల వయొలిన్‌కి మంచిది కాదు. మూసిన కారులో పెట్టి ఒక పెళ్లికి గుంటూరు వెళ్లి, మూడు గంటల తర్వాత వచ్చి చూస్తే అంచు దగ్గర జిగురు విడిపోయింది. బాగుచేయించడానికి మద్రాసు పంపాల్సి వచ్చింది. కారులో ఐదు నిమిషాలు కూడా వదలకండి.

పొడి గాలికి బిరడలు జారతాయి, కొంచెం సుద్ద రాయండి. వానాకాలం ఉబ్బి బిగుసుకుంటాయి, పొడి సబ్బు కొంచెం రాయండి. ఏసీ గాలి నేరుగా తగిలే చోట పెట్టొద్దు. పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు వేసి నెలనెలా మార్చండి. గ్రౌండ్ ఫ్లోర్ వాళ్లు పెట్టెని నేల మీద ఉంచకండి, 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు చూసినవాళ్లకి ఎందుకో తెలుసు.

వాయించాక ప్రతిసారీ:

- కమాను వదులు చేయాలి
- తీగల మీదా, కింద చెక్క మీదా రోజిన్ పొడి, చెమట తుడవాలి
- బ్రిడ్జి ఒరిగిందేమో చూడాలి
- పెట్టెకి క్లిప్పులు వేయాలి

10. గదిలోంచి బయటికి

ఏడాది దాటాక చాలామంది ఇక్కడ ఆగిపోతారు. చేయి తిరుగుతుంది గానీ ఎందుకు వాయిస్తున్నామో తెలియదు. మూడు పనులు చేయండి.

వినడం మొదటిది. వారానికి ఒక రాగం పెట్టుకోండి. ద్వారం వెంకటస్వామినాయుడు గారివి, లాల్గుడి జయరామన్ గారివి, మన బెజవాడ విద్వాంసులు అన్నవరపు రామస్వామి గారివి పాత రికార్డింగులు వెతికి వినండి. కచేరీకి వెళితే విద్వాంసుల కుడి మోచేయి కనిపించే వైపు కూర్చోండి.

ఇంట్లోవాళ్లకి ఒక ముక్క వాయించడం రెండోది. నేను మలహరి గీతంలో ధైవతం (ద) రోజూ తగ్గించి వాయిస్తున్నానట. ఒక సాయంత్రం వంటింట్లోంచి అమ్మ ఆ స్వరాన్ని సరిగ్గా పాడి వినిపించింది. చిన్నప్పుడు తెనాలిలో రెండేళ్లు నేర్చుకుని పెళ్లితో మానేసిందని నాకు అప్పటిదాకా తెలియదు. నలభై ఎనిమిదేళ్లు ఒకే ఇంట్లో ఉండి ఎప్పుడూ అడగలేదు. ఇప్పుడు ఆరున్నరకి కుర్చీ తెచ్చుకుని కూర్చుంటుంది, తాళం వేస్తుంది, తప్పితే ఆపేస్తుంది. మీ ఇంట్లో కూడా ఎవరో ఒకరు ఉండి ఉంటారు, అడిగి చూడండి.

గోష్ఠి మూడోది. పుష్య బహుళ పంచమికి త్యాగరాజ ఆరాధన మన ఊళ్లలోనూ చేస్తారు, అందరూ కలిసి పంచరత్న కీర్తనలు పాడతారు: నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ. ఐదూ ఒక్క ఏడాదిలో వద్దు. మా మాస్టారు శ్రీరాగంలోదానితో మొదలుపెట్టించారు, అదొక్కటే ఎనిమిది నెలలు పట్టింది. వెళ్లే ముందు చేసుకోవాల్సినవి:

- నిర్వాహకులని రెండు వారాల ముందే కలిసి ఏ శ్రుతిలో పాడతారో కనుక్కోండి
- ఆ శ్రుతికి తీగలు కట్టి కనీసం పది రోజులు సాధన చేయండి
- చివరి వరసలో, మీకన్నా బాగా వచ్చినవాళ్ల పక్కన కూర్చోండి
- వచ్చిన చోట మెల్లగా వాయించండి, రాని చోట కమాను ఎత్తి వినండి

మొదటి ఏడాది నేను నాలుగు కీర్తనల సేపు కమాను ఒళ్లో పెట్టుకునే కూర్చున్నాను. ఐదోది మొదలయ్యాక అంతమంది గొంతుల్లో నా తీగ నాకు వినిపించలేదు, వేలి కింద మాత్రం తెలిసింది.

11. మధ్యలో మానేస్తే

మానేస్తారు. జ్వరం, పెళ్లిళ్లు, ఆడిట్లు, ఇంట్లో చావు, ఏదో ఒకటి వస్తుంది. నాకు మూడో ఏట నాలుగు నెలలు ఆగింది. మళ్లీ కూర్చోవడానికి అడ్డు చేయి కాదు, సిగ్గు. గురువుకి ఫోన్ చేయడానికే పదిహేను రోజులు తటపటాయించాను, ఆయన "బుధవారం రండి" అని మాత్రం అన్నారు.

తిరిగి మొదలుపెట్టే వారం:

- మొదటి రోజు తీగలు తుడిచి, శ్రుతి చేసి, షడ్జం ఒక్కటే పది నిమిషాలు
- రెండు, మూడు రోజులు సరళీ స్వరాలు మొదటి కాలం
- నాలుగో రోజు నోటుపుస్తకం తెరిచి ఆగిపోయిన తేదీన రాసుకున్న చివరి వాక్యం చదవండి
- ఐదో రోజు ఆ వాక్యంలో ఉన్న ముక్క దగ్గర మొదలుపెట్టండి